సరస్సుల్లో ట్రౌట్‌కు మిడ్జ్ ప్యూపా ఫ్లై వేయడం ఎలా

ఏటిలో ట్రౌట్ చేప ఒకచోట నిలిచి ఉంటే ప్రవాహమే ఆహారాన్ని దాని నోటి ముందుకు తెచ్చిపెడుతుంది. సరస్సులోనో జలాశయంలోనో ఆ సదుపాయం లేదు కాబట్టి చేపే ఆహారాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. అలా తిరిగే చేపకు చాలా సరస్సుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు అందుబాటులో ఉండేది ఒక చిన్న పురుగు. చూడటానికి దోమలా ఉంటుంది గాని కుట్టదు. దాన్ని మిడ్జ్ అనీ, శాస్త్ర పరిభాషలో కైరోనమిడ్ అనీ అంటారు. ఆ పురుగు ప్యూపా దశను, అంటే రెక్కలు రాకముందు దశను, పోలిన ఫ్లైని (కొక్కెం మీద దారం, ఈకలు చుట్టి కట్టిన కృత్రిమ ఎరను), అసలు ప్యూపా ఉన్న లోతులోనే, అది కదిలినంత నిదానంగానే ట్రౌట్ ముందు ఉంచడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఈ పద్ధతిలో గెలుపోటములను లోతు, వేగం, ఫ్లై రూపం నిర్ణయిస్తాయి. వాటి ప్రాధాన్యం కూడా ఇదే వరుసలో ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. కొత్తగా నేర్చుకునేవారు తరచుగా ఫ్లై రంగుతో మొదలుపెట్టి, డబ్బాలో ఉన్న ఫ్లైలన్నీ మార్చి చూసి, లోతు సంగతి మాత్రం చివరిదాకా పట్టించుకోరు.

ముందు పురుగును తెలుసుకోండి

మిడ్జ్ గుడ్లు నీటిలో పొదిగి లార్వాలు బయటికి వస్తాయి. ఇవి సరస్సు అడుగున బురదలో సన్నని గొట్టాల వంటి గూళ్ళు కట్టుకుని బతుకుతాయి. ఆ బురదలో ప్రాణవాయువు బాగా తక్కువ. దాన్ని పట్టి నిలుపుకోవడానికి చాలా జాతుల లార్వాలకు మన నెత్తురులో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే అవి ఎర్రగా కనబడతాయి. ఎదిగిన లార్వా ఆ గూటిలోనే ప్యూపాగా మారుతుంది. సమయం రాగానే గూడు వదిలి, చర్మం కింద చేరిన వాయువు తేలికదనంతో, మధ్య మధ్య ఆగుతూ, ఒళ్ళు మెలికలు తిప్పుతూ పైకి బయలుదేరుతుంది. పైకి చేరాక నీటి పైపొరను పట్టుకుని కాసేపు వేలాడి, వీపు చీల్చుకుని రెక్కల పురుగుగా ఎగిరిపోతుంది. దాని ఖాళీ పొట్టు మాత్రం నీటిమీద తేలుతూ మిగులుతుంది.

ఈ ప్రయాణంలో రెండుచోట్ల ప్యూపా చేపకు సులభంగా దొరుకుతుంది. గూడు వదిలిన కొత్తలో అడుగుకు కాస్త పైన అవి గుంపుగా తచ్చాడతాయి. మళ్ళీ పైపొర కింద, దాన్ని చీల్చుకుని బయటపడలేక ఆగిపోతాయి. ప్రశాంతమైన సాయంత్రాల్లో పైన మేసే చేపలు కళ్ళకు కనబడతాయి కాబట్టి మన దృష్టి అటు పోతుంది గాని, పగటిపూట ఎక్కువ ట్రౌట్‌లు మేసేది సరస్సు అడుగు నుంచి రెండు మూడడుగుల ఎత్తు లోపలే. ఇంగ్లండ్‌లోని బ్లాగ్డన్ జలాశయంలో 1920ల నాటికే డాక్టర్ హోవార్డ్ బెల్ అనే వైద్యుడు తాను పట్టిన చేపల కడుపులో ఏముందో చూసి, దానికి తగినట్టు ఫ్లైలు కట్టుకునేవాడు. ఈ పురుగుల గుంపులు చేసే ఝుంకారాన్ని బట్టి అక్కడివారు వీటిని బజర్‌లు అంటారు. ఉత్తర అమెరికాలో వీటికి కైరోనమిడ్ అన్న పేరే వాడుకలో ఉంది. రెండు పేర్లూ ఒకే పురుగువి కాబట్టి ఫ్లైలు కొనేటప్పుడు తికమక పడనక్కరలేదు.

సరంజామా

తొమ్మిది నుంచి పదడుగుల పొడవున్న రాడ్, అయిదు నుంచి ఏడో నంబరు వరకు తేలే ఫ్లై లైన్, దానికి తగిన రీల్ ఉంటే చాలు. మునిగే లైన్‌లు ఈ పనికి మొదట్లో అవసరం లేదు. ఫ్లై లైన్ కొనకు కట్టే దారాన్ని లీడర్ అంటారు. దాని చివర కట్టే సన్నని దారానికి, అంటే టిప్పెట్‌కు, నాలుగు నుంచి ఆరు పౌండ్ల బరువు ఆపగల ఫ్లోరోకార్బన్ దారం తీసుకోండి. నైలాన్ కంటే దాని సాంద్రత ఎక్కువ కాబట్టి త్వరగా మునుగుతుంది, నీటిలో తక్కువగా కనబడుతుంది. ఫ్లైని కావలసిన లోతులో వేలాడదీసి, చేప పట్టగానే కదిలి తెలిపే తేలే బెండు వాడేటప్పుడు, బెండు కింద ఉండే దారమంతా ఒకే సన్నదనంతో ఉండేలా చూసుకోండి. మొదట లావుగా ఉండి క్రమంగా సన్నబడే లీడర్‌ను పూర్తిగా నీటిలోకి దింపితే లావు భాగం నెమ్మదిగా మునుగుతూ దారాన్ని విల్లులా వంచుతుంది, దాంతో ఫ్లై మీరు అనుకున్న లోతుకు చేరనే చేరదు.

లోతు ఎక్కువైనచోట రాడ్ కంటే పొడవైన దారం బెండు కింద వేలాడుతుంది. అప్పుడు మామూలు బెండు రాడ్ కొన దగ్గర అడ్డుపడి, చేపను చిక్కం దాకా తేనివ్వదు. అందుకని చేప పట్టినప్పుడు చీల ఊడి, దారం వెంట కిందికి జారిపోయే రకం బెండు తీసుకోండి. పోలరైజ్డ్ కటకాలున్న కళ్ళజోడు, రబ్బరు జాలీ ఉన్న చిక్కం, కొక్కెం తీయడానికి ఫోర్సెప్స్ కూడా కావాలి. ఫోర్సెప్స్‌కు మరో ముఖ్యమైన పని ఉంది, అది కింద చెబుతాను.

ఫ్లై ఎలా ఉండాలి

నాలుగు రకాలు చాలు. నలుపు ఒంటికి వెండి తీగ చుట్టినది ఒకటి, ముదురు ఆలివ్ రంగుది ఒకటి, ఎరుపు కలిసిన గోధుమరంగుకు రాగి తీగ చుట్టినది ఒకటి, ఒళ్ళంతా వెండిలా మెరిసేది ఒకటి. చివరిది, చర్మం కింద వాయువు నిండి పైకి లేస్తున్న ప్యూపాను పోలి ఉంటుంది. కొక్కేలు పదో నంబరు నుంచి పదహారో నంబరు వరకు ఉంచుకోండి. ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. ఏది వేయాలో తేల్చుకోలేకపోతే పన్నెండో నంబరు నలుపుతో మొదలుపెట్టండి.

స్వయంగా కట్టుకునేవారికి ఒక మాట. వంపు తిరిగిన కొక్కెం మీద దారాన్ని ఒక్క గుట్ట కూడా లేకుండా నున్నగా, వెనక సన్నగా, ముందుకు వచ్చేకొద్దీ కొద్దిగా లావుగా చుట్టండి. దానిమీద సన్నని తీగను అయిదారు చుట్లు సమదూరంలో తిప్పండి. ఆ చుట్లే ప్యూపా పొట్టమీది కణుపులుగా కనబడతాయి. ముందు భాగంలో నెమలి ఈకపోగుతో రొమ్ము ఉబ్బును కట్టి, తల దగ్గర చిన్న తెల్లని నూలు కుచ్చును గాని, తెల్లని పూసను గాని పెట్టండి. అసలు ప్యూపాకు అక్కడ తెల్లని శ్వాసపోగులుంటాయి. ముప్ఫై అడుగుల దూరం నుంచి మనకు కనబడని ఆ తెల్లదనాన్ని అంగుళాల దూరంలో ఉన్న చేప స్పష్టంగా చూస్తుంది, కాబట్టి దాన్ని వదిలేయకండి. చివరగా ఒంటిమీద పల్చని వార్నిష్ పూత వేయండి. నున్నటి ఒళ్ళు నీటిని సూదిలా కోసుకుంటూ దిగుతుంది. బొచ్చు బొచ్చుగా కట్టిన ఫ్లై అందంగా ఉండవచ్చు గాని నీటిలో ఆగి ఆగి దిగుతుంది.

ఫ్లైని టిప్పెట్‌కు బిగుతైన ముడితో కాకుండా జారని ఉచ్చుముడితో కట్టండి. ఉచ్చులో వదులుగా వేలాడే ఫ్లై చిన్న అలకు కూడా ప్రాణం ఉన్నట్టు ఊగుతుంది.

చోటు ఎంచుకోవడం

మెత్తని బురద ఉన్న అడుగు కావాలి. లార్వాలు బతికేది అక్కడే. రాతి నేలమీద ఎంతసేపు కూర్చున్నా ఈ పద్ధతికి ఫలితం తక్కువ. ఎనిమిది నుంచి ఇరవై అడుగుల లోతున్న మెరకలు, నాచు పెరిగిన పట్టీల అంచులు, మెరక ఒక్కసారిగా లోతులోకి దిగే చోట్లు మంచివి. నీటిమీద తేలే ఖాళీ పొట్టులను గమనించండి. వాటిని గాలి ఒక మూలకు నెట్టుకొస్తుంది కాబట్టి, పొట్టులు పేరుకున్నచోటే ప్యూపాలు లేచాయని అనుకోకుండా గాలి వచ్చే దిక్కుగా కొంత దూరం వెళ్ళి వెతకండి. నీటికి ఆనుకుని తిరిగే వానకోయిలలు కూడా ఆనవాలే. అవి అదే పనిగా ఒకేచోట మునకలు వేస్తున్నట్టు కనిపిస్తే అక్కడ పురుగులు ఎగురుతున్నాయని గుర్తు.

కాలం విషయానికి వస్తే, వసంతంలో నీరు పది డిగ్రీల సెల్సియస్‌కు చేరుతున్న రోజుల నుంచి ప్యూపాలు జోరుగా లేవడం మొదలవుతుంది. మండు వేసవిలో పైనీరు బాగా వేడెక్కి, లోతు నీటిలో ప్రాణవాయువు తగ్గితే చేపలు మధ్య పొరలో చేరతాయి. అప్పుడు తెల్లవారుజామూ, పొద్దు వాలిన తర్వాతా మాత్రమే పని జరుగుతుంది.

పడవను కదలకుండా కట్టండి

పడవ నుంచి వేసేటప్పుడు ముందొక లంగరు, వెనకొక లంగరు వేయాలి. ఒక్క లంగరుతో కట్టిన పడవ గాలికి ఎడమకూ కుడికీ ఊగుతూనే ఉంటుంది. అది ఊగిన ప్రతిసారీ లైన్ బిగిసి ఫ్లైని పక్కకు, పైకి ఈడుస్తుంది. నిజమైన ప్యూపా ఎప్పుడూ అలా పరుగెత్తదు. లంగరును నీటిలోకి విసరకుండా తాడు పట్టుకుని మెల్లగా దింపండి. పడవలో కాళ్ళ చప్పుడు కూడా లోతు తక్కువ నీటిలో చేపకు తెలుస్తుంది.

లోతు కొలవడం

ఈ పద్ధతికి గుండెకాయ ఈ కొలతే కాబట్టి కాస్త విడమరచి చెబుతాను.

ఫోర్సెప్స్‌ను ఫ్లై కొక్కెం వంపుకు బిగించండి. పడవ పక్కనే నీటిలోకి నిట్టనిలువుగా దింపండి. దాని బరువుకు దారం బిగువుగా దిగుతూ ఉండి, ఒక క్షణంలో చేతికి బరువు తగ్గిన భావన కలుగుతుంది. అదే అడుగు తగిలిన గుర్తు. బురద మెత్తగా ఉంటే ఫోర్సెప్స్ కొంత దిగబడుతుంది కాబట్టి ఒకటి రెండుసార్లు మెల్లగా ఎత్తి దింపి సరిచూసుకోండి. దారం బిగువుగా నిలువుగా ఉన్న స్థితిలో, నీటి మట్టం దగ్గర దాన్ని వేళ్ళతో పట్టుకోండి. అక్కడి నుంచి ఫ్లై వైపు ఒక అడుగు కొలిచి, ఆ చోట బెండును బిగించండి. ఇప్పుడు బెండు నీటిమీద తేలితే ఫ్లై అడుగుకు సరిగ్గా ఒక అడుగు పైన వేలాడుతుంది. ఫోర్సెప్స్ తీసేయడం మరవకండి.

కొలిచింది పడవ పక్కన. మీరు ఫ్లై వేయబోయేది ముప్ఫై అడుగుల అవతల. అడుగు వాలుగా ఉంటే అక్కడ లోతు వేరుగా ఉండవచ్చు. వీలైతే లంగరు వేయకముందే ఫ్లై పడబోయే చోట కూడా ఒకసారి కొలవండి.

ఒక అడుగు తేడా అంత పెద్దదా అన్న సందేహం నాకూ ఉండేది. ఒక ఉదయం ఒకే పడవలో నేనూ మరొకరూ పక్కపక్కన కూర్చుని ఒకే రకం ఫ్లై వేశాం. ఆయన బెండు మూడుసార్లు మునిగే వేళకు నా బెండు ఒక్కసారి కూడా కదలలేదు. ఆయన తన ఫ్లైని నా దాని పక్కన పెట్టి చూపించినప్పుడు రంగులోనూ పరిమాణంలోనూ ఏ తేడా లేదు. దారాలు పక్కపక్కన పట్టి చూస్తే నాది అడుగున్నర పొట్టిగా ఉంది. బెండును ఆ మేరకు పైకి జరిపిన తర్వాత రెండోసారి వేయగానే నాకూ చేప పడింది.

నియమాలు అనుమతించే చోట రెండు ఫ్లైలు కట్టుకోవడం లోతు తెలుసుకోవడానికి మంచి ఉపాయం. కిందిది అడుగుకు ఒక అడుగు పైన, రెండోది దానికి రెండు మూడు అడుగుల పైన ఉంచండి. చేపలు దేన్ని ఎక్కువగా అందుకుంటే ఆ లోతుకే రెండింటినీ దగ్గర చేయండి.

వేయడం, కాచుకోవడం, లాగడం

బెండూ బరువైన ఫ్లై ఉన్న దారాన్ని మామూలు ఫ్లై లైన్‌లా గాలిలో పదేపదే ఊపితే చిక్కులు పడతాయి. ఒక్కసారి వెనక్కి తీసి, రాడ్‌ను వెడల్పైన వంపులో ముందుకు తెచ్చి వదిలేయండి. దూరం అక్కరలేదు, ముప్ఫై నలభై అడుగులు చాలు. ఫ్లై దిగడానికి సమయం ఇచ్చి, అదనంగా ఉన్న లైన్‌ను రీల్ వైపు లాక్కుని, బెండుకూ రాడ్ కొనకూ మధ్య వదులు లేకుండా చూసుకోండి. రాడ్ కొనను నీటికి దగ్గరగా ఉంచండి.

తరవాత చేయవలసింది ఏమీ చేయకుండా ఉండటం. చిన్న అలలున్న రోజు బెండు పైకీ కిందికీ ఊగుతూ ఫ్లైని అంగుళాల మేర ఎత్తి దింపుతుంది, అంతకు మించిన కదలిక అవసరం లేదు. నీరు అద్దంలా ఉంటే నిమిషానికి ఒకసారి లైన్‌ను నాలుగైదు అంగుళాలు మెల్లగా లాగి వదలండి. ఫ్లై కాస్త లేచి మళ్ళీ దిగుతుంది. చేప పట్టేది తరచుగా ఆ దిగే క్షణంలోనే.

బెండు ఒక్కసారిగా మునిగిపోతుందని ఎదురుచూడకండి. చాలాసార్లు అది కొద్దిగా వాలుతుంది, అల మీద ఊగవలసినప్పుడు ఊగకుండా ఆగుతుంది, గాలికి ఎదురుగా రెండంగుళాలు జరుగుతుంది. ఫ్లైని నోట పట్టుకుని చేప పైకి లేస్తే దారం మీది బరువు పోయి బెండు పక్కకు పడుకుంటుంది. ఇవన్నీ చేప గుర్తులే. ట్రౌట్ ఫ్లైని పీల్చుకుని, అది ఆహారం కాదని తెలియగానే క్షణంలో ఉమ్మేస్తుంది. కాబట్టి ఏ కాస్త అనుమానం కలిగినా రాడ్‌ను మెత్తగా, స్థిరంగా పైకెత్తండి. చేప కాకపోతే పోయేదేమీ లేదు. బలంగా ఝాడిస్తే మాత్రం సన్నని టిప్పెట్ తెగిపోతుంది.

బెండు లేకుండా వేయడం

ఒడ్డు నుంచి వేసేవారికీ, లోతు పన్నెండు అడుగుల లోపు ఉన్నచోటా ఈ పద్ధతి ఎంతో తృప్తినిస్తుంది. నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే చేప పట్టడం కంటికి కాకుండా వేలికి తెలుస్తుంది. పదిహేను నుంచి ఇరవై అడుగుల లీడర్ కట్టండి. ఒడ్డు పక్కనే స్పష్టంగా కనబడే నీటిలో ఫ్లైని వదిలి, ఒక అడుగు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టుకోండి. మూడు సెకన్లు పడితే, పదడుగుల లోతుకు ముప్ఫై లెక్కపెట్టాలి. గాలికి అడ్డంగా వేసి, ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆగండి.

ఆ తరవాత ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య లైన్ పట్టుకుని, మణికట్టు తిప్పుతూ చిటికెనవేలితో మరో మడత అందుకోండి. చేయి గాలిలో ఎనిమిది అంకె రాస్తున్నట్టు కదులుతుంది, లైన్ అరచేతిలో మడతలుగా చేరుతుంది. ఈ పనిని ఎంత నిదానంగా చేయగలరో అంతకు సగం వేగంతో చేయండి. గాలి బాగా ఉంటే లాగడం కూడా మానేసి, అది లైన్‌ను వంపుగా మోసుకుపోతుండగా వదులు మాత్రమే తీసుకుంటూ ఉండండి. ఫ్లై లైన్ కొన నీటిని తాకేచోట చూపు నిలపండి, అది ముందుకు జరిగినా, వేలికి బరువు తగిలినా రాడ్ ఎత్తండి.

సాయంత్రం చేపలు వీపూ తోకా మాత్రమే కనబడేలా నింపాదిగా దొర్లుతూ, ముక్కు పైకి పెట్టకుండా మేస్తుంటే అవి పైపొర కింది ప్యూపాలను తింటున్నాయన్నమాట. అప్పుడు బరువులేని చిన్న ఫ్లై కట్టి, లీడర్‌కు చివరి ఆరంగుళాలు తప్ప మిగతాదంతా జిడ్డు రాయండి. ఫ్లై పైపొరకు కాస్త కింద వేలాడుతుంది. చేప సాగుతున్న దారిని అంచనా వేసి దానికి రెండు మూడడుగుల ముందు వేసి, కదపకుండా ఉంచండి.

చేప పట్టనప్పుడు

ప్యూపాలు లేస్తున్నాయని తెలిసి కూడా ఇరవై నిమిషాలు బెండు కదలకపోతే ముందు లోతును ఒక అడుగు మార్చండి. అడుగు నుంచి మొదలై పైకి, ఒక్కో అడుగు చొప్పున. పైపొర దాకా వెతికినా లేకపోతే చోటు మార్చండి. ఫ్లై పరిమాణం, ఆ పైన రంగు మార్చడం దాని తర్వాతి మాట.

మొదటి చేప పడ్డాక అది ఏం తింటోందో తెలుసుకోవచ్చు. తినడానికి ఉంచుకునే చేప అయితే కడుపులో ఉన్నదాన్ని చిన్న చెంచాతో తీసి తెల్లని మూతలో నీళ్ళు పోసి వదలండి. ముద్దగా ఉన్నది విడిపోయి, ఒక్కొక్క ప్యూపా వేరై తేలుతుంది. కొన్ని ఇంకా మెలికలు తిరుగుతుంటాయి. వాటి పక్కన మీ ఫ్లైని తడిపి పెట్టి చూడండి. పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా అదే రంగు అనిపించిన దారం తడిసేసరికి ఎంత ముదురుగా మారుతుందో అప్పుడు తెలుస్తుంది. మీ ఫ్లై వాటికంటే లావుగా ఉండటం కూడా తరచుగా బయటపడుతుంది. వదిలేయబోయే చేపల గొంతులోకి గొట్టాలు పెట్టి లాగడాన్ని, ముఖ్యంగా చిన్న చేపల విషయంలో, నేను సమర్థించను.

చేపను వదలడం, సరంజామా శుభ్రం చేయడం

వదిలే చేపను తడిచేతులతోనే పట్టుకోండి, వీలైనంతవరకు చిక్కంలో, నీటిలోనే ఉంచి కొక్కెం తీయండి. ముల్లు నొక్కేసిన కొక్కెం ఫోర్సెప్స్‌తో ఒక్క మలుపుకే వస్తుంది. అలసిన చేపను తల నిలకడగా ఉండేలా నీటిలో పట్టుకుని, తానుగా ఈదిపోయేదాకా ఆగండి. నీటి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు చేరితే, అలసిన ట్రౌట్ వదిలిన తర్వాత కూడా కోలుకోలేక చనిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ రోజుల్లో చేపలు వదిలే ఉద్దేశంతో గాలం వేయకపోవడమే మంచిది. థర్మామీటర్‌ను దారానికి కట్టి, పైన కాకుండా మీరు ఫ్లై వేసే లోతులో చూడండి.

ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు వెళ్ళేముందు లంగరు తాడు, చిక్కం, బూట్లకు అంటిన బురదనూ నాచునూ కడిగి పూర్తిగా ఎండనివ్వండి. బయటి జీవులు ఒక నీటి నుంచి మరో నీటికి వీటివెంట చేరవచ్చు. టిప్పెట్ చివరి రెండడుగులను వేళ్ళ మధ్య లాగి చూసి, గరుకు తగిలినచోట తెంపేసి, మరుసటి రోజుకు ఫ్లైని కొత్తగా కట్టుకోండి.